నా అంకె, పెద్దమ్మ ఫ్లాస్కు

సోమవారం పొద్దున్న ఏడు గంటలకి నా ఫోన్‌లోకి ఒక ఉత్తరం వస్తుంది. కిందటి వారంలో నా పరిశోధన వ్యాసాలని ఎక్కడెక్కడ ఎవరెవరు ఉదహరించారో అందులో ఉంటుంది. ఏడయ్యేదాకా ఆగే ఓపిక నాకెప్పుడూ లేదు. ఆరింటికే లేచి పళ్ళు తోముకుంటూ ఒకసారి, కారు తాళాలు వెతుక్కుంటూ ఒకసారి, మా విశ్వవిద్యాలయం ఉన్న సైబర్‌జయ దారిలో ఎర్రదీపం దగ్గర ఆగి ఇంకోసారి నా పేజీ తెరిచి ఆ లెక్క చూస్తాను. వెనక కారువాడు హారన్ మోగిస్తే గాని పచ్చదీపం వెలిగిన సంగతి తెలియదు. షేర్ మార్కెట్ వాళ్ళు నీకంటే నయం, వాళ్ళకి శని, ఆదివారాలు సెలవైనా ఉంటుంది అని మా ఆయన ఎద్దేవా చేస్తాడు. నిజమే. నాకు సెలవు లేదు. పెళ్ళి భోజనాల్లో కూడా అరిటాకు పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చున్న మనిషిని నేను.

మా వృత్తిలో మనిషికి ఒక అంకె ఉంటుంది. నువ్వు రాసిన వ్యాసాల్లో పదింటిని ఇతరులు తమ వ్యాసాల్లో ఒక్కోదాన్ని కనీసం పదేసిసార్లు ఉదహరిస్తే నీ అంకె పది. పదకొండు కావాలంటే పదకొండు వ్యాసాలు, ఒక్కోటీ పదకొండేసిసార్లు. అంతే లెక్క. అది ఎవరికి పనికొచ్చింది, రాస్తున్నప్పుడు నీ చెయ్యి వణికిందా లేదా అన్నవి అందులోకి రావు. నేను విశ్వవిద్యాలయంలో రక్తంలో చక్కెర మీద పనిచేస్తాను. లెక్చరర్ నుంచి అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి ఒక అంకె కావాలి. ఏళ్ళ తరబడి పాకి పాకి ఆ అంకెని సరిగ్గా అందుకున్నాను. ఒక్కటి కూడా అదనం లేదు. ఫైలు పెట్టేశాను. కమిటీ కూర్చోవడమే తరువాయి.

నా వ్యాసాల్లో ఒక్కటే పేరు తెచ్చుకుంది. మిగతావన్నీ కలిపినా దాని పక్కన నిలబడలేవు. ఎక్కడికి వెళ్ళినా ఆ వ్యాసం రాసింది మీరేనా అని అడిగేవారు. అది మా వాళ్ళ గురించి రాసింది. నేను పుట్టిన సుంగై సుమున్ చుట్టుపక్కల ఒకప్పుడు తోటల్లో పనిచేసిన తెలుగు కుటుంబాలు. మా ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ మలయ్ దేశానికి వచ్చి కొబ్బరి తోటల్లో చేరారు. తర్వాత కోకో, ఆ తర్వాత పామాయిల్. ఇప్పుడు పిల్లలు ఫ్యాక్టరీల్లోనూ ఆఫీసుల్లోనూ ఉన్నారు, పెద్దవాళ్ళు అక్కడే చిన్న ఇళ్ళల్లో ఉంటున్నారు. లావు లేని, ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా పరగడుపున రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందని నా వ్యాసం చెప్పింది. తరాలు పడిన ఆకలి ఒంట్లో ఎక్కడో మిగిలిపోయిందేమో అని చివర ఒక పేరా రాశాను. ఆ పేరా అందరికీ నచ్చింది. అందరికంటే నాకే ఎక్కువ నచ్చింది. ఆ పేరా రాసిన రోజు కళ్ళు తుడుచుకున్నాను. అలాంటి చోటే మనిషి జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రక్తం తీసిన రోజు గురించి చెప్పాలి. ముందురోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, రేపు పొద్దున్న ఏమీ తినకుండా, తాగకుండా ఊరి దేవాన్ దగ్గరికి రండి అని చెప్పాను. దేవాన్ అంటే ఊళ్ళో పెళ్ళిళ్ళకీ మీటింగులకీ వాడే హాలు. తెల్లారేసరికి అందరూ ఉతికిన బట్టల్లో వరస కట్టారు. లెక్కలు చూడ్డానికి నాతో ఒక సహోద్యోగి వచ్చాడు. కరీంనగర్ వైపు కుర్రాడు, సైబర్‌జయకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రతి మనిషికీ ఒక ఫారం తయారుచేశాడు. మొదటి ప్రశ్నే, పొద్దున్న లేచాక ఏమైనా తిన్నారా, తాగారా అని. పక్కన ఒక చిన్న గడి.

ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటానని పట్టుబట్టాను. ఫారాలు ముందేసుకుని, ఇంకా ఎవరూ కుర్చీలో కూర్చోకముందే, అన్ని గళ్ళలోనూ నేనే టిక్కులు పెట్టేశాను. నన్ను చంకనేసుకుని తిప్పిన వాళ్ళు ఆ వరసలో ఉన్నారు. చిన్నప్పుడు నా జడ వేసినవాళ్ళున్నారు. నిన్న సాయంత్రం చెప్పిన మాట ఇవాళ పొద్దున్న మళ్ళీ అడిగితే, నమ్మలేదనే కదా అర్థం? మాలో పెద్దవాళ్ళని అలా నిలదియ్యరు. మా అమ్మ నన్ను అలా పెంచలేదు. ఆ టిక్కులు పెడుతున్నప్పుడు నాకు తప్పు చేస్తున్నానని అనిపించలేదు, గౌరవం ఇస్తున్నాననిపించింది.

తర్వాత లెక్కలు వేస్తూ ఆ కుర్రాడు, మేడమ్, ఇంతమందికి ఇంత ఎక్కువ ఎట్లుంటది, వీళ్ళు నిజంగానే పరగడుపున ఉన్నరా అని అడిగాడు. ఒంటికాలి మీద లేచాను. వాళ్ళు మా వాళ్ళు, నా దగ్గర అబద్ధం చెప్పరు అన్నాను. అతను మళ్ళీ ఎత్తలేదు. నేను అక్కడ పుట్టిన మనిషిని, వాళ్ళ సంగతి నాకు తెలిసినట్టు అతనికి తెలియదు కదా. మా వ్యాసాన్ని అచ్చువేసిన పత్రిక కూడా నా గురించి అదే రాసింది, పరిశోధకురాలు ఆ సమాజానికే చెందినది అని. దాన్ని ఒక బలంగా రాశారు.

ఫైలు పెట్టిన నెలకి మా పెద్దమ్మకి కంటి ఆపరేషన్ కుదిరింది. అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను చూసింది ఆమే. ఆపరేషన్‌కి ముందు పరగడుపున రక్తం చూడాలన్నారు. శుక్రవారం సాయంత్రం కారేసుకుని సుంగై సుమున్ వెళ్ళాను. దారంతా అంకె చూసుకుంటూనే వెళ్ళాను, పెట్రోల్ బంకులో కూడా.

శనివారం పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి పెద్దమ్మ చీర కట్టుకుని తయారుగా ఉంది. వంటింటి బల్ల మీద రెండు గాజు గ్లాసుల నిండా కోపి ఓ. అంటే పాలు లేకుండా పంచదార దండిగా వేసిన నల్ల కాఫీ. ఒకటి అప్పటికే సగం అయింది. రక్తం తీస్తారు, ఏమీ తాగకూడదని చెప్పాను కదా అని గ్లాసు అందుకోబోయాను. ఆమె గ్లాసు అవతలికి జరిపింది.

"నానేటి తిన్నానే? తిండి ముట్టలేదు. ఎండు నోట్తో రక్తం ఇస్తే కళ్ళు తిరిగి పడిపోరా లా?" అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర మలయ్ వాళ్ళ 'లా' తగిలించి. ఆ తర్వాత, నేను ఎప్పుడో తెలుసుకోవలసిన చిన్న రహస్యం చెప్తున్నట్టు ముసిముసిగా నవ్వింది. "ఆ దినం దేవాన్ కాడ నీ మనుసులొచ్చి అంతమందికి సూదులు గుచ్చినారు గదా. ఒక్కలైనా పడినారా? ఎందుకు పడలేదనుకున్నావు? నానే గదే, యెనకాతల మెట్ల కాడ నిలబడి అందరికీ కోపి పోసినాను. పెద్ద ఫ్లాస్కు. పంచదార బాగా ఏసినాను. నీకు సెప్పలేదు. సెప్తే వద్దంటావని."

కూర్చున్నాను. పెద్దమ్మ సంబరంగా చెప్పుకుపోతోంది. తోటలో ఉన్న రోజుల్లో తెల్లారకముందే పెరట్టుకి, అంటే హాజరు పిలుపుకి, వెళ్ళి వరసలో నిలబడాలి. ఎవరి ఇంట్లోనూ ఎండు నోటితో మనిషిని బయటికి పంపేవారు కాదు. తిండి పొద్దెక్కాక. కోపి మాత్రం ముఖం కడుక్కోవడం లాంటిది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకసారి తోట డాక్టరు అందరికీ రక్తం తీయిస్తే, ఆ వరసలో ఒక అమ్మాయి నిలువునా కూలిపోయి పళ్ళు విరగ్గొట్టుకుంది. పెద్దమ్మ పక్కనే ఉందట. నా బల్ల దగ్గర అలా ఎవరైనా పడితే, మా పిల్ల రక్తం లాగి మనుషుల్ని పడేసిందని ఊరంతా అనుకుంటుందని ఆమె భయం. అందుకని రాత్రే డికాషన్ కాచి పెట్టుకుందట. నా పరువు కాపాడడానికి.

ఎవరెవరు తాగారు అని అడిగాను.

"అందరూ లా. మన ఈది సివర తాత ఒక్కడే రెండు గ్లాసులు తాగినాడు." తలాడించింది. "పాపం, నీ కాగితం వచ్చినకాడినుంచి ఆ తాత పంచదార మానేసినాడు. పోయినేడు పోయినాడు. పోయేదాకా కోసొంగ్ కోపే తాగినాడు."

కోసొంగ్ అంటే పంచదార లేనిది. నా కాగితం అంటే, ఆ రోజు చక్కెర ఎక్కువ వచ్చిన ప్రతి ఒక్కరికీ నా సంతకంతో పంపిన ఉత్తరం. మీ చక్కెర ఎక్కువగా ఉంది, తీపి తగ్గించండి, క్లినిక్‌లో చూపించుకోండి అని. పెద్దమ్మకీ వెళ్ళింది, ఆమె లెక్కచెయ్యలేదు. తాత క్లినిక్‌కి వెళ్ళాడా అని అడిగాను. వెళ్ళలేదట. మన పిల్లే రాసింది గదా, ఇంక ఆళ్ళేటి సెప్తారు అన్నాడట.

ఆ శనివారం పెద్దమ్మ రక్తం ఇవ్వలేదు. సోమవారానికి మార్పించుకున్నాం. రెండు రోజులూ ఆమె ఇంట్లో ఒక్క చోట కూర్చోలేకపోయాను. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేదాన్ని. సోమవారం తెల్లారి ఆమె వంటింట్లోకి పోకుండా నేనే అడ్డంగా నిలబడ్డాను. కారులో కూర్చున్నంతసేపూ నన్ను తిట్టింది. ఆసుపత్రి వరసలో ఉండగా ఏడు గంటలయింది. ఫోన్ మోగింది. కిందటి వారంలో నా పెద్ద వ్యాసాన్ని నలుగురు కొత్తగా ఉదహరించారు. జీవితంలో మొదటిసారి ఆ ఉత్తరాన్ని తెరిచి, చదవకుండా మూసేశాను. పెద్దమ్మ కళ్ళు తిరిగి పడలేదు. ఆమె చక్కెర పాతికేళ్ళ పిల్లకి ఉన్నట్టు ఉంది. మా వ్యాసంలో ఆమె ఎక్కువ ఉన్నవాళ్ళలో ఒకతె.

సైబర్‌జయకి వచ్చాక ఇక చూడాలి నా అవస్థ. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ల్యాబ్‌లో సీసాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి, మళ్ళీ మొదటి చోటే పెట్టేదాన్ని. వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నామని పత్రికకి రాయవలసిన ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి చిత్తుప్రతి చాలా బాగా కుదిరింది. పరిశోధకులకి తెలియకుండా ఊరి మహిళ ఒకరు పాల్గొన్నవారికి తీపి పానీయం ఇచ్చినట్టు ఇటీవల తెలిసింది అని. ప్రతి మాటా నిజమే. అందులో నేను లేను, నా టిక్కులు లేవు. ఫ్లాస్కు పట్టుకున్న ఒక ముసలామె మాత్రం ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఆ ఉత్తరం ఆమె కంట ఎన్నటికీ పడదు. అది నాకు చాలా అనుకూలంగా అనిపించింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

మా విభాగాధిపతికి చూపించాను. మలయ్ ఆవిడ, నన్ను చిన్న చెల్లెల్లా చూస్తుంది. ఉత్తరం రెండుసార్లు చదివి, తలుపు వేసి, కమిటీ కూర్చునేదాకా ఆగమంది. మూడు వారాలే కదా అంది. ఆ పదవి వస్తే పెద్ద గ్రాంటు వస్తుంది, అప్పుడు ఊరంతటికీ సరిగ్గా మళ్ళీ పరీక్షలు చెయ్యొచ్చు, ఇప్పుడు పంపితే పదవీ లేదు, పరీక్షలూ లేవు అంది. ఆవిడ చెడ్డ మాట చెప్పలేదు. నేను అలాంటి మాట కోసమే ఆవిడ గదికి వెళ్ళానని తెలుస్తూనే ఉంది. సరేనన్నాను. బయటికి వచ్చాక ఒళ్ళు తేలికైంది. ఆ తేలిక మధ్యాహ్నం దాకా కూడా ఉండలేదు.

కరీంనగర్ కుర్రాడికి చెప్పాలి. వ్యాసంలో రెండో పేరు అతనిది, ఉపసంహరణకి అతని సంతకం కూడా కావాలి. అతని కాంట్రాక్టు పొడిగించడానికి చూపించే కాగితాల్లో అన్నిటికంటే పైన ఉన్నది ఈ వ్యాసమే. క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫ్లాస్కు సంగతి చెప్పాను. ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. మరి ఆ గళ్ళల్లో టిక్కులు ఎట్ల పెట్టిండ్రు, అడిగితే ఒక్కరన్న చెప్తుండె గద అన్నాడు. అడగలేదని చెప్పాను. అందరివీ ముందే నింపేశానని చెప్పాను.

అతను చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. "లెక్కలేసేటప్పుడు నేనడిగిన గద మేడమ్. మీవోళ్ళు అబద్ధం చెప్పరని మీరే అన్నరు" అని మాత్రం అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. కారిడార్‌లో ఎదురైతే తల తిప్పుకునేవాడు. నేనే ఆ స్థానంలో ఉంటే ఇల్లెక్కి అరిచేదాన్ని.

రెండో వారం సోమవారం ఉత్తరంలో ఒక కొత్త వ్యాసం కనిపించింది. వేరే దేశపు డాక్టర్ల బృందం రాసింది. ఇలాంటి కుటుంబాల వాళ్ళకి జబ్బు బయటపడకముందే మాత్రలు మొదలుపెట్టడం మంచిదేమో ఆలోచించాలి అని అందులో ఒక వాక్యం. ఆ వాక్యం చివర ఒక చిన్న అంకె. ఆ అంకె పట్టుకుని కింద ఉన్న జాబితాలోకి వెళ్తే, అక్కడ మా వ్యాసం.

కారు పక్కకి ఆపాను. ఆ ఒక్క వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. నన్ను ఉదహరించిన వాళ్ళందరూ ఒక పెద్ద గుంపులా ఉండేవారు నా మనసులో, తలలూపుతూ, మెచ్చుకుంటూ. వాళ్ళలో ఒక్కరు కూడా మా పెద్దమ్మ మెట్ల దగ్గరికి రాలేదు. నేను రాసింది చదివి, నమ్మి, నిజంగా తన ఒంటి మీద పెట్టుకున్నది నాకు తెలిసినంతలో ఒక్కడే. వీధి చివరి తాత. ఆయన పేరు ఏ జాబితాలోకీ రాదు. ఇప్పుడు ఈ డాక్టర్లు రాసింది చదివి ఇంకెందరు ఆయన దారి పడతారో. ఇంకో వారం ఆగితే పోయేదేముంది అని అప్పటికీ నాలో ఒక గొంతు అంటూనే ఉంది. నాకు అప్పుడు భయం వేసింది, కమిటీ గురించి కాదు, ఆ గొంతు ఎంత మర్యాదగా మాట్లాడుతోందో చూసి.

ఆ మధ్యాహ్నం ఉత్తరం మళ్ళీ రాశాను. ముసలామెని తీసేశాను. పాల్గొన్నవారు పరగడుపున ఉన్నారా అన్న ప్రశ్నని అసలు అడగలేదు, మొదటి రచయిత్రి ఆ గడిని వాళ్ళు రాకముందే తానే నింపింది, కాబట్టి ఈ ఫలితాలని నమ్మడానికి వీల్లేదు అని రాశాను. మూడు ముక్కల్లో అయిపోయింది. కుర్రాడి గదికి తీసుకెళ్ళాను. చదివాడు. కలం తీసి సంతకం పెట్టాడు. అప్పటికీ మాట్లాడలేదు గాని, నేను తలుపు దాకా వచ్చాక, ఊరికి మళ్ళ పోయేటప్పుడు నాకు గూడ చెప్పుండ్రి అన్నాడు. సాయంత్రం అయిదు లోపల పంపేశాను. మా విభాగాధిపతికి పంపాకే చెప్పాను. మూడు వారాలు ఆగలేకపోయావా అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా ఉంది.

నా ఫైలు వెనక్కి వచ్చింది. కావలసిన అంకెకి ఒకటి తక్కువ అని రాసి ఉంది, మర్యాదగానే. కుర్రాడికి కాంట్రాక్టు మూడేళ్ళకి బదులు ఏడాదికే ఇచ్చారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. నా వ్యాసం ఇప్పుడు తెరిస్తే ప్రతి పేజీ మీదా ఉపసంహరించబడింది అన్న మాట ఎర్రగా, ఏటవాలుగా ఉంటుంది. చిత్రం ఏమిటంటే, దాన్ని ఇంకా ఉదహరిస్తూనే ఉన్నారు. ఎర్ర అక్షరాలు చూడకుండానే పాత జాబితాల నుంచి ఎత్తి రాసుకుంటారు కాబోలు. సోమవారం ఏడింటికి ఉత్తరం వస్తూనే ఉంది. అలా ఉదహరించిన ప్రతి ఒక్కరికీ, ఈ వ్యాసం చెల్లదు, దయచేసి తీసేయండి అని నేనే రాస్తున్నాను. కొందరు జవాబిస్తారు. చాలామంది ఇవ్వరు. ఒకప్పుడు ఎవరైనా ఉదహరిస్తారా అని ఎదురుచూసేదాన్ని, ఇప్పుడు ఎవరూ ఉదహరించకుండా ఉంటే బాగుండునని ఎదురుచూస్తాను. ఎదురుచూపు మాత్రం పోలేదు. ఎర్రదీపాల దగ్గర ఇంకా ఫోన్ తీస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం కుర్రాడూ నేనూ సుంగై సుమున్ వెళ్ళాం. దేవాన్‌లో అందరినీ కూర్చోబెట్టి, పాత కాగితం తప్పు, కొత్తగా పరీక్ష చేయించుకోవాలి అని చెప్పాం. కుర్రాడు తన పాత ఫారాలు తెచ్చాడు. కావాలని తెచ్చాడో ఏమో. ఆ మొదటి ప్రశ్న ఈసారి అతనే ఒక్కొక్కరినీ అడిగాడు, ఆ రోజు పొద్దున్న ఏమి తాగారో గుర్తుందా అని. ఒక్కరూ నొచ్చుకోలేదు. గుర్తు తెచ్చుకుని, నవ్వుతూ, ఎన్ని గ్లాసులో కూడా చెప్పారు. అతని తెలుగు విని ముచ్చటపడి ఇంకా అడిగించుకున్నారు. పెద్దమ్మ తన ఫ్లాస్కు గురించి గొప్పగా చెప్పబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. నేను తప్పు సేసినానా అని తర్వాత నన్ను పక్కకి పిలిచి అడిగింది. లేదు, నేను అడగలేదు, అదే తప్పు అన్నాను. అడిగితే సెప్పేదాన్నే గదా అంది. అవును, చెప్పేదే.

వీధి చివరి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. తాత లేడు, ఆయన భార్య ఉంది. మామ్మ అని పిలుస్తాను. గోడ మీద ఆయన ఫోటోకి ప్లాస్టిక్ మల్లెల దండ. నా సంతకం ఉన్న ఆ పాత కాగితం మడత పెట్టి ఆ ఫోటో చట్రం వెనకే దాచి ఉంచింది. మెల్లగా అంతా చెప్పాను. ఆ రోజు తాగిన రెండు గ్లాసుల కోపి వల్ల చక్కెర ఎక్కువ కనిపించిందని, ఆయనకి నిజంగా జబ్బు ఉందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని, నేను రాసిన కాగితం తప్పని. ఆమె వింటూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అయితే తాగుండొచ్చు గదే ఆయన" అంది. "ఆఖరు దినాల్లో ఏటీ అడగలేదు. ఓ పొద్దున్న కోపిలో ఒక్క చెంచా పంచదార ఏయమన్నారు. ఒక్క చెంచా. నానే ఏయలేదు. నువ్వు రాసినావు గదా అని."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకి రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు మరిగే చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించాయి. ఒక గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నన్ను ఏమీ అడగకుండా రెండు చెంచాలు వేసి కలిపింది. తాగమంది. అంతా తాగాను.